1940ల్లో అమెరికాలో సిటిజన్ అయినవాళ్ళ కాగితాలు ఎలా వెతకాలి, వాటిని ఎలా చదవాలి

ఇప్పుడు మన తెలుగు ఇళ్ళలోకి ఇటాలియన్ కుటుంబం నుంచి కోడలు వస్తోంది, పోలిష్ కుటుంబం నుంచి అల్లుడు వస్తున్నాడు, పిల్లలకేమో స్కూల్లో ఫ్యామిలీ హిస్టరీ ప్రాజెక్ట్ ఇస్తున్నారు. తీరా అడిగితే ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర వుండేది "ముత్తాత యుద్ధం టైంలో సిటిజన్ అయ్యాడట" అన్న ఒక్క ముక్కే. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఎంత దూరం వెళ్ళొచ్చో చెబుదామని ఇది రాస్తున్నా. కథలు రాసేవాళ్ళకీ, ఆ కాలం మీద ఆసక్తి వున్నవాళ్ళకీ కూడా పనికొస్తుంది.

అందరూ ముందు సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కోసం వెతుకుతారు, అది దొరక్కపోతే అక్కడితో వదిలేస్తారు. నా సలహా ఏంటంటే సర్టిఫికెట్ సంగతి పక్కన పెట్టి ముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: 1941 డిసెంబర్ 7న, అంటే పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన రోజున, ఈ మనిషి అమెరికా లెక్కల్లో ఎవరు? అప్పటికే సిటిజనా, సగం దారిలో వున్నాడా, అసలు అప్లై చెయ్యలేదా, లేక చేద్దామన్నా చట్టం ఒప్పుకోని మనిషా. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ ఇంట్లో ఏం జరిగిందో, ఇవాళ మీకు ఏ కాగితాలు దొరుకుతాయో, రెండూ చాలావరకు దాని మీదే ఆధారపడి వుంటాయి.

దీనికి జవాబు తేలిగ్గా దొరికే చోటు 1940 సెన్సస్. అది ఏప్రిల్ 1 నాటి లెక్క, 2012లో జనానికి తెరిచారు, ఫ్యామిలీసెర్చ్ సైట్లో అకౌంట్ తీసుకుంటే ఫ్రీగా చూడొచ్చు. బయట దేశంలో పుట్టినవాళ్ళ పేరుకి ఎదురుగా సిటిజన్‌షిప్ కాలమ్‌లో చిన్న అక్షరాలుంటాయి. ఎన్ఏ అంటే సిటిజన్ అయిపోయాడని, పీఏ అంటే ఫస్ట్ పేపర్స్ (సిటిజన్‌షిప్‌కి మొదటి మెట్టు కాగితాలు) వేశాడని, ఏఎల్ అంటే ఇంకా ఏలియన్ అని, అంటే సిటిజన్ కాని విదేశీయుడని అర్థం. ఇంకోటి కూడా గమనించండి, ఇంట్లో ఒకరి పేరు పక్కన సున్నా చుట్టిన ఇంటూ గుర్తు వుంటుంది, ఎన్యూమరేటర్‌కి, అంటే ఇంటింటికీ వచ్చి లెక్క రాసుకునే మనిషికి, వివరాలు చెప్పింది ఆ మనిషే అన్నమాట. చెప్పింది పన్నెండేళ్ళ కూతురైతే నాన్న ఏ సంవత్సరంలో వచ్చాడో ఆ పిల్లకి ఎంతవరకు తెలుసుంటుందో మీరే ఆలోచించుకోండి. అందుకే దీన్ని ఆధారంగా తీసుకోండి గానీ రుజువు అనుకోవద్దు. 1950 సెన్సస్ కూడా తెరిచేశారు, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మధ్యలో సిటిజన్ అయ్యాడా లేదా అన్నది తెలిసిపోతుంది.

1940లో ఏఎల్ గానీ పీఏ గానీ వుంటే మీకు ఒక మంచి కాగితం దొరికే అవకాశం వుంది. ఆ ఏడాది జూన్ 28న ఏలియన్ రిజిస్ట్రేషన్ యాక్ట్ వచ్చింది, దాని ప్రకారం 14 ఏళ్ళు నిండిన ప్రతి ఏలియన్ పోస్టాఫీసుకి వెళ్ళి వివరాలు చెప్పి వేలిముద్రలు ఇవ్వాలి, చిన్నపిల్లల్ని తల్లిదండ్రులే రిజిస్టర్ చేయించాలి. ఆగస్టు 27న మొదలై డిసెంబర్ 26 దాకా నడిచింది, దగ్గర దగ్గర 50 లక్షల మంది ఇలా రిజిస్టర్ అయ్యారు. ఆ ఫారం పేరు ఏఆర్-2. ఏ ఓడలో వచ్చాడు, ఏ పేరుతో వచ్చాడు, ఇంకా ఏ పేర్లు వాడాడు, ఏం పని చేస్తున్నాడు, ఏ క్లబ్బుల్లో సంఘాల్లో మెంబరు, ఏ దేశం సైన్యంలోనైనా చేశాడా, ఇవన్నీ అందులో వుంటాయి. ఇన్ని వివరాలు ఒకే చోట ఇచ్చే కాగితం ఆ కాలంలో ఇంకోటి కష్టం. ఎందుకంటే సిటిజన్‌షిప్ కాగితాలు అప్లై చేసినవాళ్ళవే వుంటాయి, ఇది మాత్రం అప్లై చెయ్యనివాళ్ళకి కూడా వుంటుంది, చదువు రాని అమ్మమ్మకి కూడా వుంటుంది. ఇల్లు మారితే అయిదు రోజుల్లో చెప్పాలన్న రూల్ కూడా ఆ చట్టంలోనే వచ్చింది.

మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి విషయం ఇక్కడ చెప్పాలి. ఆయన 1920ల మొదట్లో బోస్టన్ చేరారు, హార్వర్డ్‌లో పనిచేసి 1940లో లెడర్లీ ల్యాబొరేటరీస్‌కి వెళ్ళారు, యుద్ధం జరిగినంత కాలం అక్కడే రీసెర్చ్ చేశారు, 1948లో పోయేదాకా అమెరికన్ సిటిజన్ కాలేదు. ఈ రిజిస్ట్రేషన్ చట్టం ఆయన లాంటి పెద్ద సైంటిస్టుకైనా కోల్ మైన్‌లో పనిచేసే లిథువేనియన్ కూలీకైనా ఒకటే. కాబట్టి మీరు వెతికే మనిషి సిటిజన్ కాలేదని తేలితే ఇక కాగితాలేం వుండవులే అని నిరాశపడొద్దు.

ఇక సిటిజన్‌షిప్ కాగితాల సంగతి. అప్పట్లో మామూలు దారి రెండు మెట్లు. ముందు డిక్లరేషన్ ఆఫ్ ఇంటెన్షన్, దీన్నే జనం ఫస్ట్ పేపర్స్ అనేవాళ్ళు. అది వేసి కనీసం రెండేళ్ళు ఆగాలి, ఏడేళ్ళు దాటితే చెల్లదు. దేశంలో అయిదేళ్ళు వుండి వుంటే తర్వాత పిటిషన్ వేసుకోవాలి. పిటిషన్‌కి ఇద్దరు సిటిజన్లు సాక్షులుగా వచ్చి ఈయన మాకు ఫలానా తేదీ నుంచి తెలుసు, మంచివాడు అని ప్రమాణం చెయ్యాలి. తర్వాత కోర్టులో హియరింగ్, ఓత్, సర్టిఫికెట్. అమెరికన్ సిటిజన్‌ని పెళ్ళి చేసుకున్నవాళ్ళకి ఫస్ట్ పేపర్స్ అక్కర్లేదు, కాబట్టి అవి దొరకలేదంటే పోయాయనే అనుకోనక్కర్లేదు, అసలు లేకపోయి వుండొచ్చు.

ఈ కాగితాల్ని కంగారుగా చూసేసి తేదీ రాసుకుని వదిలెయ్యొద్దు. 1929 జులై నుంచి డిక్లరేషన్ మీద ఫోటో అంటించడం మొదలైంది, చాలా ఇళ్ళల్లో ఆ ముత్తాతకి దొరికే మొదటి ఫోటో అదే అవుతుంది. ఎత్తు, బరువు, జుట్టు రంగు, ఒంటి మీద గుర్తులు రాస్తారు, ఎడమ చేతి వేలు సగం లేదని రాసివుంటే ఆయన చేసిన ఫ్యాక్టరీ పని ఏంటో వెంటనే సెన్సస్‌లో చూడండి. ఇంకోటి, డిక్లరేషన్ మీద సంతకం, పిటిషన్ మీద సంతకం పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో ఒక్కో అక్షరం విడివిడిగా, గీత దాటిపోతూ, సొంత దేశం స్పెల్లింగ్‌తో వుంటుంది, మూడు నాలుగేళ్ళ తర్వాత రెండోదాంట్లో అదే చెయ్యి కలిపి రాస్తూ పేరు కుదించుకుని వుంటుంది. అప్పటి రూల్ ప్రకారం ఇంగ్లీషు మాట్లాడగలగాలి, సంతకం సొంత చేత్తో చెయ్యాలి, అంతే, చదవడం రాయడం రావాలన్న రూల్ 1950లో వచ్చింది. షిఫ్ట్ దిగి నైట్ స్కూల్‌కి వెళ్ళి సిటిజన్‌షిప్ క్లాసుల్లో కూర్చున్నవాళ్ళు లక్షల్లో వున్నారు, ఆ క్లాసుల రికార్డులు దొరకడం కష్టం గానీ ఆ సంతకంలో మాత్రం కొంచెం కనిపిస్తాయి.

సాక్షుల పేర్లని కూడా వదలొద్దు. వాళ్ళ అడ్రసు, ఉద్యోగం పిటిషన్ మీదే వుంటాయి. పక్కింటివాడా, ఫోర్‌మెనా, అదే వూరి నుంచి ముందొచ్చినవాడా అన్నది చూస్తే మన మనిషి ఎవరి మధ్య బతికాడో తెలుస్తుంది. చాలాసార్లు సాక్షి ఇంకో బంధువు అయివుంటాడు, అక్కడి నుంచి ఇంకో కుటుంబం దొరుకుతుంది.

పేరు మారడం గురించి ఒక అపోహ వుంది, న్యూయార్క్‌లో ఓడ దిగినవాళ్ళని చెక్ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్లు పేర్లు మార్చేశారని. అది నిజం కాదు, ఓడలో ఎక్కేచోటే రాసిన లిస్టుని పట్టుకుని వాళ్ళు చెక్ చేసేవాళ్ళంతే. పేర్లు ఎక్కువగా తర్వాత మారాయి, పనిచేసేచోట, స్కూల్లో, చివరికి పిటిషన్ వేసేటప్పుడు. పిటిషన్‌లోనే కోర్టు ఆర్డర్‌తో పేరు మార్చుకోవచ్చు, అలా మారిస్తే పాత పేరు, కొత్త పేరు రెండూ ఆ కాగితాల్లో దొరుకుతాయి. అందుకని వెనక పేజీ స్కాన్ చెయ్యకుండా పెట్టిన సైట్‌లో మాత్రమే చూసి సరిపెట్టుకోకండి.

స్పెల్లింగ్ గొడవకి, ఒకేలా వినిపించే పేర్లకి ఒకే కోడ్ ఇచ్చే సౌండెక్స్ అనే పద్ధతి వుంది, పాత ఇండెక్సుల్లో చాలా దీని ప్రకారమే సర్దారు, కాబట్టి చేత్తో వేసుకోవడం నేర్చుకోండి. మొదటి అక్షరం అలాగే వుంచి, తర్వాత అచ్చుల్నీ హెచ్, డబ్ల్యూ, వై లనీ తీసేసి, మిగిలిన హల్లులకి అంకెలు వేస్తారు: బి, ఎఫ్, పి, వి లకి 1, సి, జి, జె, కె, క్యూ, ఎస్, ఎక్స్, జెడ్ లకి 2, డి, టి లకి 3, ఎల్‌కి 4, ఎం, ఎన్ లకి 5, ఆర్‌కి 6. పేరులో పక్కపక్కనే వున్న అక్షరాలకి ఒకే అంకె వస్తే ఒక్కసారే లెక్క, మధ్యలో అచ్చు వుంటే మాత్రం విడివిడిగా లెక్క, మొత్తం మూడు అంకెలు రావాలి, తక్కువైతే సున్నా పెట్టాలి. కొవాల్‌స్కీ అనే పేరు తీసుకుందాం. పోలిష్ స్పెల్లింగ్‌లో మధ్యలో డబ్ల్యూ వుంటుంది, అది పోతుంది, ఎల్‌కి 4, ఎస్ కె రెండూ కలిపి ఒక్క 2, చివర సున్నా, అంటే కె420. చివర ఐ రాసినా వై రాసినా అదే కోడ్. కానీ డబ్ల్యూ బదులు క్లర్క్ వి రాసేశాడనుకోండి, వి కి 1 వస్తుంది, కోడ్ కె142 అయిపోతుంది, కార్డు వేరే డ్రాయర్‌లోకి వెళ్ళిపోతుంది. కంప్యూటర్‌లో దొరకలేదంటే ఇలా వినిపించే స్పెల్లింగులన్నీ రాసుకుని ఒక్కోదానికి కోడ్ వేసుకుని చూడండి, ఓపిక కావాలి గానీ చాలావరకు దొరుకుతుంది.

ఆడవాళ్ళ విషయంలో ఒక తేదీ గుర్తుపెట్టుకోండి, 1922 సెప్టెంబర్ 22. దానికి ముందు భర్త సిటిజన్ అయితే భార్య కూడా ఆటోమేటిగ్గా అయిపోయేది, ఆమె పేరుతో కాగితమే వుండకపోవచ్చు. ఆ తర్వాత నుంచి ఆమె విడిగా పిటిషన్ వేసుకోవాలి. అందుకే 1940లో భర్త ఎన్ఏ, భార్య ఏఎల్ అని వున్న ఇళ్ళు చాలా కనిపిస్తాయి, కొడుకులు అమెరికన్ ఆర్మీలో వుండగా తల్లి మాత్రం వేలిముద్రలు ఇవ్వడానికి పోస్టాఫీసు లైన్లో నిలబడాల్సి వచ్చింది.

చట్టమే ఒప్పుకోనివాళ్ళ గురించి ఇంకాస్త జాగ్రత్తగా వెతకాలి. 1790 నుంచి తెల్లవాళ్ళకి, 1870 నుంచి ఆఫ్రికన్ మూలాలవాళ్ళకి మాత్రమే సిటిజన్‌షిప్ ఇచ్చేవాళ్ళు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు ఇండియన్లు తెల్లవాళ్ళ కింద రారని తేల్చింది, అప్పటికే ఇచ్చిన సర్టిఫికెట్లు కూడా కొన్ని వెనక్కి లాక్కున్నారు. చైనీయులకి 1943 డిసెంబర్‌లో, ఇండియన్లకీ ఫిలిప్పీన్స్ వాళ్ళకీ 1946 జులై 2న లూస్-సెల్లర్ యాక్ట్‌తో, జపనీయులకీ కొరియన్లకీ 1952లో దారి తెరుచుకుంది. మీరు వెతికే పంజాబీ రైతు 1940కి ముందు పిటిషన్ వెయ్యలేదంటే ఇష్టం లేక కాదు, అది మనసులో పెట్టుకుని చదవండి. జపాన్ నుంచి వచ్చిన మొదటి తరంవాళ్ళ పరిస్థితి మరీ ఘోరం, సిటిజన్ అవ్వనివ్వరు, అవ్వలేదు కాబట్టి శత్రువు అన్నారు, 1942 ఫిబ్రవరి 19 నాటి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ 9066 తర్వాత ఇక్కడే పుట్టిన పిల్లలతో సహా క్యాంపులకి తరలించారు. లక్షా పది వేలకి పైగా మనుషులు, అందులో మూడింట రెండొంతులు అమెరికన్ సిటిజన్లే. వాళ్ళ క్యాంపు ఫైళ్ళు నేషనల్ ఆర్కైవ్స్‌లో వున్నాయి.

జర్మన్, ఇటాలియన్ వాళ్ళయితే ఎనిమీ ఏలియన్ (శత్రుదేశం నుంచి వచ్చి సిటిజన్ కానివాడు) కాగితాలు అడగండి. పెర్ల్ హార్బర్ తర్వాత షార్ట్‌వేవ్ రేడియోలు, కెమెరాలు, తుపాకులు పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి, వూరు దాటాలంటే పర్మిషన్ కావాలి, 1942 ఫిబ్రవరి నుంచి ఫోటో, వేలిముద్ర వున్న గుర్తింపు పుస్తకం దగ్గర పెట్టుకోవాలి. వెస్ట్ కోస్ట్‌లో రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా ఇల్లు కదలకూడదు. బేస్‌బాల్ ఆటగాడు జో డిమాజియో దేశమంతా తెలిసిన మనిషి, శాన్‌ఫ్రాన్సిస్కోలో చేపలు పట్టుకునే ఆయన నాన్నకి సిటిజన్‌షిప్ లేదని సముద్రం దగ్గరికి రానివ్వలేదు. దాదాపు 6 లక్షల మంది ఇటాలియన్లకి ఆ ముద్ర తీసేస్తున్నట్టు 1942 అక్టోబర్ 12న, కొలంబస్ డే రోజున ప్రకటించారు. జర్మన్లకి మాత్రం అలా తియ్యలేదు. సిటిజన్‌షిప్ పిటిషన్ వేసినా ఎనిమీ ఏలియన్ అయితే అదనపు ఎంక్వైరీ వుండేది కాబట్టి పిటిషన్ తేదీకీ ఓత్ తేదీకీ మధ్య ఏడాది రెండేళ్ళు తేడా వుంటే కారణం అదే అయ్యుండొచ్చు. ఇంకో సంగతి, 1940 రిజిస్ట్రేషన్‌లో ఆస్ట్రియా అని రాయించుకున్నవాళ్ళకి తర్వాత ఆ గుర్తింపు పుస్తకం తప్పింది, జర్మనీ అని రాయించుకున్నవాళ్ళకి తప్పలేదు.

ఈ భయమే జనాన్ని కోర్టులవైపు పరిగెత్తించింది. 1944 ఒక్క ఏడాదిలోనే 4 లక్షల 41 వేల మందికి పైగా సిటిజన్లయ్యారు, ఆ రికార్డు మళ్ళీ 1990ల దాకా ఎవరూ దాటలేదు. భయం ఒక్కటే కాదనుకోండి, డిఫెన్స్ ఫ్యాక్టరీల్లో జీతాలు బాగుండేవి, సీక్రెట్ కాంట్రాక్టుల మీద ఏలియన్ పనిచెయ్యాలంటే మిలిటరీ పర్మిషన్ కావాల్సి వచ్చేది, పైగా కొడుకు ఫ్రంట్‌లో వుంటే తల్లిదండ్రులకి ఈ దేశం మాది అనిపించింది. ఏ ఇంట్లో ఏది ఎక్కువో కాగితం చెప్పదు, తేదీలు పోల్చి చూసుకోవాలి. కొడుకు డ్రాఫ్ట్ అయిన (చట్టం ప్రకారం సైన్యంలోకి పిలిచిన) నెలా, తండ్రి పిటిషన్ వేసిన నెలా ఒక దగ్గర రాసుకోండి.

ఆర్మీలో చేరినవాడి కోసం అయితే వెతికే చోటు మార్చాలి, ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. 1942 మార్చి 27న వచ్చిన సెకండ్ వార్ పవర్స్ యాక్ట్‌తో సైన్యంలో వున్న ఏలియన్లకి ఫస్ట్ పేపర్స్ అక్కర్లేదు, అయిదేళ్ళ నివాసం అక్కర్లేదు, ఫీజు లేదు, జాతి అడ్డం కూడా లేదు. లక్షకి పైగా సైనికులు ఇలా సిటిజన్లయ్యారు, ఫిలిపినో రెజిమెంట్ వాళ్ళకి 1943లో కాలిఫోర్నియా క్యాంప్ బీల్‌లో వందలమందికి ఒకేసారి ఓత్ పెట్టించారు. వీళ్ళ పిటిషన్ ఇంటి దగ్గర కోర్టులో వుండదు, ట్రైనింగ్ క్యాంపు దగ్గర కోర్టులో వుంటుంది. బ్రూక్లిన్ కుర్రాడి కాగితం జార్జియాలోనో టెక్సస్‌లోనో దొరుకుతుంది. ఇక విదేశంలో వుండగా ఇచ్చినవైతే కోర్టే లేదు, ఇమిగ్రేషన్ ఆఫీసరే యూనిట్ దగ్గరికి వెళ్ళి ఓత్ పెట్టించాడు, అవి కోర్టు ఇండెక్సుల్లో ఎంత వెతికినా రావు. ఆర్మీ సర్వీస్ ఫైల్ కోసం సెయింట్ లూయిస్‌లో వున్న నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ సైనిక రికార్డుల ఆఫీసుకి రాయొచ్చు గానీ 1973 జులైలో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో ఆ కాలం ఆర్మీ ఫైళ్ళు నూటికి 80 వంతులు కాలిపోయాయి. అందుకని ఆ సైనికుడి ఇల్లున్న కౌంటీ రికార్డర్ ఆఫీసులో డిశ్చార్జ్ కాపీ వుందేమో అడగండి, చాలామంది తిరిగొచ్చాక అక్కడ రిజిస్టర్ చేయించుకున్నారు.

ఆర్మీకి వెళ్ళనివాళ్ళకి కూడా డ్రాఫ్ట్ కార్డు వుంటుంది, ఏలియన్లు కూడా రిజిస్టర్ చేసుకోవాల్సిందే. 1942 ఏప్రిల్ 27న 45 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళని కూడా రాయించారు, తాతల తరం అంతా ఇందులో దొరుకుతారు. మీ అడ్రసు ఎప్పుడూ తెలిసే మనిషి ఎవరు అని ఒక ప్రశ్న వుంది, అక్కడ భార్య పేరు కాకుండా ఇంకెవరిదో వుంటే ఆ పేరుని వెతకండి. యుద్ధంలో లేని దేశాలవాళ్ళు సర్వీస్ నుంచి మినహాయింపు అడగొచ్చు, కానీ అడిగితే ఇక సిటిజన్‌షిప్ ఇవ్వరు. కొందరు అలా అడిగి తర్వాత జీవితాంతం బాధపడ్డారు.

రోజువారీ బతుకు తెలియాలంటే ఇంట్లో పాత డబ్బాలు తియ్యండి. 1942 మేలో పంచదారతో మొదలుపెట్టి వార్ రేషన్ బుక్కులు సిటిజనా కాదా అని చూడకుండా ఇంట్లో చంటిపిల్లలతో సహా అందరికీ ఇచ్చారు, మొదటి బుక్కు మీద పేరు, అడ్రసు, ఎత్తు, బరువు, కళ్ళ రంగు, వయసు వుంటాయి. 1943 నుంచి డబ్బా సరుకులకి నీలం స్టాంపులు, మాంసానికి, వెన్నకి ఎర్ర స్టాంపులు. ఇంగ్లీషు సరిగ్గా రాని ఇల్లాలు ఆ స్టాంపుల లెక్కలన్నీ ఎవరిని అడిగి నేర్చుకుందో, పక్కింటివాళ్ళతో ఏం మార్చుకుందో, పెద్దవాళ్ళు ఎవరన్నా బతికుంటే ఇప్పుడే అడగండి, రికార్డు చేసుకోండి, ఇది ఏ ఆర్కైవ్స్‌లోనూ దొరకదు. 18 డాలర్ల 75 సెంట్లు పెట్టి కొని పదేళ్ళకి 25 డాలర్లు తీసుకునే వార్ బాండ్ల రసీదులు, ఫ్యాక్టరీ బ్యాడ్జీ, మే మూడో ఆదివారం జరిపే ఐ యామ్ యాన్ అమెరికన్ డే కార్యక్రమం కాగితం, ఇవన్నీ ఫోటో తీసి వెనక తేదీతో దాచుకోండి. ఆ వూరి పాత పేపర్లలో కొత్తగా సిటిజన్లయినవాళ్ళ పేర్లు వేసేవాళ్ళు, లోకల్ లైబ్రరీ వాళ్ళని అడిగితే వెతికి పెడతారు.

ఇంత పోగేశాక అప్పుడు యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) జీనియాలజీ ప్రోగ్రామ్‌కి వెళ్ళండి. 1906 నుంచి 1956 మార్చి దాకా సిటిజన్ అయినవాళ్ళ సిటిజన్‌షిప్ ఫైల్ (సి-ఫైల్), 1940 నుంచి 1944 మధ్య ఏఆర్-2, 1944 ఏప్రిల్ నుంచి మొదలైన ఏలియన్ ఫైళ్ళలో (ఏ-ఫైళ్ళలో) కొన్ని వాళ్ళ దగ్గరే వుంటాయి. ముందు ఇండెక్స్ సెర్చ్ అడగాలి, దానికి ఫారం జి-1041, ఫైల్ నంబరు తెలిశాక జి-1041ఏ తో కాపీ అడగాలి. రెండిటికీ విడివిడిగా ఫీజు వుంటుంది, మారుతూ వుంటుంది కాబట్టి వాళ్ళ సైట్లో చూసుకోండి. పుట్టి వందేళ్ళు దాటని మనిషైతే చనిపోయినట్టు రుజువు జతచెయ్యాలి. పేరు రాసేచోట సౌండెక్స్ కోసం వేసుకున్న స్పెల్లింగులన్నీ రాయండి, పుట్టిన తేదీ కాగితానికో రకంగా వుంటే అన్నీ రాయండి. పుట్టి వందేళ్ళు దాటినవాళ్ళవి కొన్ని ఏ-ఫైళ్ళు ఇప్పటికే నేషనల్ ఆర్కైవ్స్ కాన్సస్ సిటీ, శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసులకి వెళ్ళిపోయాయి, డబ్బు కట్టే ముందు ఆ కేటలాగ్‌లో పేరు కొట్టి చూడండి. కోర్టు పిటిషన్ మాత్రం విడిగా తెప్పించుకోండి, ఫెడరల్ కోర్టువైతే నేషనల్ ఆర్కైవ్స్ రీజినల్ ఆఫీసులో, కౌంటీ కోర్టువైతే చాలావరకు ఆ కౌంటీలోనో స్టేట్ ఆర్కైవ్స్‌లోనో వుంటాయి. జవాబు రావడానికి నెలలు పడుతుంది, ఈలోపు ఆ ఇద్దరు సాక్షుల్ని సెన్సస్‌లో వెతుకుతూ వుండండి.